కిలౌయా మీదుగా హెలికాప్టర్ విహారం: టికెట్ కొనడం నుంచి కిందికి దిగేదాకా

"హవాయి వెళ్తున్నాం. హెలికాప్టర్ ఎక్కితే లావా కనిపిస్తుందా?" ప్రయాణం ఖాయం చేసుకున్న మిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆ వెంటనే "ఎంతవుతుంది?" అంటారు. ఈ రెండు ప్రశ్నల మధ్యలో తేల్చుకోవలసిన సంగతులు అరడజను ఉన్నాయి. వాటిని తేల్చుకోకుండా డబ్బు కట్టినవాళ్లే ఎక్కువగా చిన్నబోయిన ముఖాలతో దిగుతారు. అందుకే ప్రతిసారీ విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: అది ఆ రోజును బట్టి ఉంటుంది. ఇంటర్నెట్‌లో మీరు చూసిన వీడియోల్లో ఎర్రటి లావా ఏరులా పారుతూ సముద్రంలో పడి ఆవిరి మేఘాలు లేపుతుంది. వాటిలో చాలావరకు పాత రోజులవి. కిలౌయా అగ్నిపర్వతం తూర్పు అంచున పూవూ ఓవో అనే బిలం 1983 జనవరి 3న రగలడం మొదలై 2018 వసంతం వరకు, అంటే 35 ఏళ్లు, కొద్దిపాటి విరామాలతో లావా కక్కుతూనే ఉంది. ఆ కాలంలో హెలికాప్టర్ ఎక్కినవాళ్లకు నిప్పు కనబడే అవకాశం బాగా ఉండేది. 2018లో ఆ బిలం కుంగిపోయింది. ఆ కథ అక్కడితో ముగిసింది.

తర్వాత తీరు మారింది. 2024 డిసెంబర్ 23న కిలౌయా శిఖరంలోని హలేమౌమౌ బిలంలో కొత్త దశ మొదలైంది. లావా ఒక్కసారిగా ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతుంది. కొన్నిసార్లు 300 మీటర్లు దాటింది. కొన్ని గంటలు, అరుదుగా కొన్ని రోజులు అలా చిమ్మి ఆగిపోతుంది. మళ్లీ కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు నిశ్శబ్దం. 2025 పొడవునా ఇదే వరస. మీ విహారం ఆ నిశ్శబ్దం మధ్య పడితే కనిపించేది పొగలు కక్కే నల్లటి బిలమే. ఈ ఒక్క మాట ముందే మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

- హవాయిలో కనీసం మూడు నాలుగు రోజుల బస. అందులో రెండు రోజులు కిలౌయా ఉన్న బిగ్ ఐలాండ్ అనే ద్వీపంలో ఖాళీగా ఉండాలి.
- ఒక్కొక్కరికి సుమారు 300 నుంచి 450 డాలర్లు. ఇది ఆ ద్వీపంలోని హీలో ఊరి నుంచి గంటలోపు సాగే విహారానికి. ద్వీపమంతా చుట్టివచ్చే రెండు గంటల విహారానికి 500 డాలర్లకు పైనే అవుతుంది. పన్నులు, ఇంధన రుసుము విడిగా కలుస్తాయేమో చూసుకోండి.
- ప్రయాణించే ప్రతి ఒక్కరి బరువు, పౌండ్లలో. కిలోలను 2.2తో గుణిస్తే వస్తుంది.
- పాస్‌పోర్టు లాంటి ఫొటో గుర్తింపు పత్రం.
- ముదురు రంగు దుస్తులు, జారిపోని బూట్లు, పలుచటి జాకెట్.
- అద్దె కారు. హెలికాప్టర్ ఎక్కే చోటికి వెళ్లడానికీ, సాయంత్రం అగ్నిపర్వతాల జాతీయ పార్కుకు వెళ్లడానికీ.

1. సరైన ద్వీపం, సరైన స్థావరం ఎంచుకోండి

చాలామంది హోనోలులులో దిగి అక్కడే "అగ్నిపర్వత విహారం" కోసం వెతుకుతారు. హోనోలులు ఒవాహు ద్వీపంలో ఉంది. అక్కడి అగ్నిపర్వతాలు చల్లారి యుగాలు గడిచాయి. కిలౌయా, మౌనా లోవా అగ్నిపర్వతాలు రెండూ బిగ్ ఐలాండ్‌లో, అంటే హవాయి పేరే ఉన్న ద్వీపంలో ఉన్నాయి. హోనోలులు నుంచి అక్కడికి ముప్పావుగంటకు పైగా విమాన ప్రయాణం. ఒక్క రోజులో వెళ్లి విహరించి తిరిగి రావచ్చుననే ప్యాకేజీలు ఉంటాయి. నేనైతే వాటిని సిఫారసు చేయను. ఒక్క మబ్బు అడ్డం పడితే రోజంతా వృథా.

బిగ్ ఐలాండ్‌లో ఎక్కే చోట్లు ముఖ్యంగా రెండు వైపుల ఉన్నాయి. తూర్పున హీలో, పడమట కోనా, వైకోలోవా.

హీలో కిలౌయాకు దగ్గర. విమానాశ్రయం నుంచి లేచిన కొద్ది నిమిషాలకే నల్లటి లావా మైదానాల మీద ఉంటారు. ఖర్చు తక్కువ. అయితే హీలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. విహారం రద్దయ్యే అవకాశం అక్కడే ఎక్కువ.

కోనా, వైకోలోవా వైపు ఎండగా ఉంటుంది. అక్కడి నుంచి సుదీర్ఘ విహారంలో అగ్నిపర్వత ప్రాంతంతో పాటు హమాకువా తీరంలోని జలపాతాలు, కొహాలా లోయలు కూడా చూపిస్తారు. వైపియో లోయ గోడల మీంచి సుమారు 440 మీటర్లు జారిపడే హిలావే జలపాతం ఆ దారిలోనే ఉంది. డబ్బు, సమయం రెండూ ఉంటే ఇదే ఎంచుకోండి. లావా కోసమే వెళ్తున్నవాళ్లకు మాత్రం హీలో చాలు.

హెచ్చరిక: కోనాలో హోటల్ తీసుకుని హీలోలో విహారం బుక్ చేసుకున్నవాళ్లు ఉదయం 8 గంటలకు అక్కడ ఉండాలంటే చీకటితో బయలుదేరాలి. ఆ రాత్రికి హీలోలోనే గది తీసుకోవడం మంచిది.

2. అగ్నిపర్వతం ఇప్పుడేం చేస్తోందో చూడండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. దీనికి పది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు.

హవాయి అగ్నిపర్వత పరిశీలన కేంద్రాన్ని అక్కడివాళ్లు హెచ్‌వీవో అంటారు. 1912 నుంచి కిలౌయాను కనిపెట్టుకుని ఉన్న సంస్థ అది. ఇప్పుడు అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థలో భాగం. వాళ్ల వెబ్‌సైట్‌లో కిలౌయా గురించి రోజువారీ నివేదిక ఉంటుంది. దాన్ని ఈ వరుసలో చదవండి.

మొదట హెచ్చరిక స్థాయి. సాధారణం, సూచన, అప్రమత్తత, హెచ్చరిక అని నాలుగు మెట్లు. విమానాలకు విడిగా రంగులు ఉంటాయి: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. నారింజ కనిపించినంత మాత్రాన లావా చిమ్ముతోందని అనుకోకండి. రెండు దశల మధ్య విరామంలోనూ నారింజ ఉండవచ్చు.

తర్వాత నివేదికలోని మొదటి పేరా. "విస్ఫోటనం విరామంలో ఉంది" అని ఉంటే ఆ క్షణానికి ఫౌంటెన్ లేదు. తర్వాతి దశ ఎప్పుడు మొదలుకావచ్చో అంచనా తేదీలు ఇస్తారు. ఆ అంచనాకు ఆధారం శిఖరం వాలును కొలిచే పరికరం. నేల కింద శిలాద్రవం నిండేకొద్దీ శిఖరం ఉబ్బుతుంది, గ్రాఫు మెల్లగా పైకి పాకుతుంది. లావా చిమ్మడం మొదలవగానే గీత నిట్టనిలువునా కిందికి పడుతుంది. ఒకటి రెండు వారాల గ్రాఫును ఒక్కసారి చూస్తే రంపపు పళ్లలా ఆ లయ మీకే అర్థమవుతుంది. గీత పైకి ఎక్కి, ఇంతకుముందు పడిపోయిన ఎత్తుకు చేరువలో ఉందంటే ఎదురుచూడటంలో అర్థం ఉంది.

చివరగా ప్రత్యక్ష కెమెరాలు. బిలం వైపు గురిపెట్టిన కెమెరాలను హెచ్‌వీవో రాత్రింబవళ్లు నడుపుతుంది. హవాయి సమయం గ్రీన్విచ్ కన్నా పది గంటలు వెనుక. భారత్‌లో మధ్యాహ్నం పన్నెండుకు చూస్తే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. చీకట్లో బిలం గొంతులో ఎర్రటి వెలుగు ఉందో లేదో బాగా తెలుస్తుంది.

పొరపాటు: వారం కిందట ఎవరో పెట్టిన వీడియో చూసి బుక్ చేయడం. దశ మొదలై కొన్ని గంటల్లోనే ముగిసిపోవచ్చు. ప్రయాణానికి ముందు రోజు రాత్రి, ఆ ఉదయం, రెండుసార్లూ చూడండి.

3. హెలికాప్టర్ ఎంతవరకు వెళ్లగలదో తెలుసుకోండి

బిలం నోటి మీదికి తీసుకెళ్లి చూపిస్తారని ఊహించుకుని వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడు అలా జరగదు.

హవాయిలో విహార హెలికాప్టర్లు సాధారణంగా నేలకు 1,500 అడుగుల పైన ఎగరాలి. ప్రత్యేక అనుమతి ఉన్న సంస్థలు కొన్నిచోట్ల ఇంకా కిందికి దిగవచ్చు. హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కు గగనతలానికి ఇంకో కట్టడి ఉంది. పార్కు యంత్రాంగం, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కలిసి తయారుచేసిన ప్రణాళిక 2023 చివర ఖరారైంది. దాని ప్రకారం పార్కు మీద విహారాలు ఏడాదికి 1,548కి పరిమితం. దారులు నిర్ణయమై ఉంటాయి. ఆదివారాలు సాధారణంగా విరామం. కిలౌయా శిఖరం స్థానిక హవాయి ప్రజలకు పెలే దేవత నివాసం. తలల మీద రోజంతా రెక్కల చప్పుడు ఆ పవిత్ర స్థలంలో పూజలు చేసుకునేవాళ్లకూ, అడవి పక్షులకూ ఇబ్బందే. ఈ కట్టడిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మనకు కొంచెం దూరం పెరిగితే పెరిగింది.

దీనితో పాటు, విస్ఫోటనం ఉధృతంగా ఉన్నప్పుడు ఎఫ్ఏఏ తాత్కాలికంగా గగనతలాన్ని మూసేయవచ్చు. అంటే లావా బాగా చిమ్మే గంటల్లోనే హెలికాప్టర్ ఇంకా దూరంగా ఉండవలసి రావచ్చు.

కాబట్టి సంస్థను ఈ ప్రశ్న అడగండి: "ఈ వారం మీ హెలికాప్టర్లు ఏ దారిలో వెళ్తున్నాయి? హలేమౌమౌ ఎంత దూరం నుంచి కనిపిస్తుంది?" సూటిగా చెప్పే సంస్థను నమ్మండి. "తప్పకుండా లావా చూపిస్తాం" అనే సంస్థకు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి.

మరి లావా లేకపోతే చూసేదేముంది? నిజానికి చాలా ఉంది. 2018 మే నుంచి ఆగస్టు వరకు దిగువ పూనా ప్రాంతంలో నేల చీలి, 700కు పైగా ఇళ్లు లావా కింద పోయాయి. కపోహో తీరంలో ఈతకు పేరుపొందిన అఖాతం పూర్తిగా పూడిపోయింది. పక్కనే ఉన్న మంచినీటి సరస్సు కొన్ని గంటల్లో ఆవిరైపోయింది. నేను వెళ్లిన ఉదయం పైలట్ అక్కడ హెలికాప్టర్‌ను మెల్లగా ఒక వైపు వంచి తిప్పాడు. కింద తారు రోడ్డు, మధ్యలో పసుపు గీత, రెండు వైపులా బొప్పాయి తోటలు. ఆ రోడ్డు నేరుగా వెళ్లి నల్లటి రాతి గోడ కిందికి దూరిపోయింది. మళ్లీ ఎక్కడా తేలలేదు. ఆ నల్లదనం మధ్యలో అరచేయంత పచ్చటి ముక్క, అందులో ఒక ఇంటి రేకు కప్పు. లావా దాన్ని రెండు వైపులా చుట్టి వదిలేసింది. అలాంటి పచ్చటి ద్వీపాలను హవాయి భాషలో కీపుకా అంటారు. హెడ్‌సెట్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఫౌంటెన్ చూడలేదన్న బాధ నాకు అక్కడే పోయింది.

4. ఎలాంటి హెలికాప్టర్, ఎన్ని నిమిషాలు

తలుపులు ఉన్నవి, తలుపులు తీసేసినవి అని రెండు రకాలు.

తలుపులున్నవాటిలో ఆరుగురు వరకు కూర్చుంటారు. పెద్ద అద్దాలు, శబ్దం తక్కువ, పిల్లలకూ పెద్దలకూ అనువు. ఫొటోల్లో అద్దం మెరుపు పడటమే ఇబ్బంది. తలుపులు లేనివి చిన్నవి. గాలి ముఖాన కొడుతుంది, గంధకం వాసన తగలవచ్చు, ఫొటోలు శుభ్రంగా వస్తాయి. చలి మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ. టోపీ, కళ్లద్దాలు, కెమెరా లెన్స్ మూత, దుపట్టా, ఏదీ వదులుగా ఉండకూడదు. జుట్టు గట్టిగా ముడి వేసుకోవాలి. ఎత్తంటే కొంచెం భయం ఉన్నా తలుపులున్నదే తీసుకోండి. సగం సేపు కళ్లు మూసుకుని కూర్చోవడానికి అంత డబ్బు పెట్టడం ఎందుకు?

నిమిషాల లెక్క జాగ్రత్తగా చదవండి. "రెండు గంటల అనుభవం" అని ప్రకటనలో ఉండి, అందులో గాలిలో ఉండేది 50 నిమిషాలే కావచ్చు. మిగతాది బరువు చూడటం, జాగ్రత్తల వీడియో, హెలికాప్టర్ వరకు నడక. గాలిలో గడిపే సమయం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

5. భద్రత గురించి మొహమాటం లేకుండా అడగండి

ఇక్కడ మొహమాటపడితే నష్టపోయేది మనమే. 2019 డిసెంబర్ 26న కవాయి ద్వీపంలో విహార హెలికాప్టర్ కొండను ఢీకొని ఏడుగురు మరణించారు. వాతావరణం పాడవుతున్నా పైలట్ ముందుకే వెళ్లాడని దర్యాప్తులో తేలింది. 2022 జూన్ 8న బిగ్ ఐలాండ్ దక్షిణ భాగంలో మరో హెలికాప్టర్ తోక భాగం గాలిలోనే విడిపోయి కూలింది. అందులో ఉన్న ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏమి అడగాలో ఇవి నేర్పుతాయి.

అడగవలసినవి నాలుగు:

- మీరు ఎఫ్ఏఏ నిబంధనల్లోని 135వ భాగం కింద నడుపుతున్నారా? అన్ని విమానాలకూ వర్తించే సాధారణ నిబంధనలైన 91వ భాగం కన్నా ఇందులో పైలట్ శిక్షణ, పరీక్షలు, నిర్వహణ కట్టుదిట్టంగా ఉంటాయి.
- వాతావరణం బాగా లేకపోతే రద్దు నిర్ణయం ఎవరిది? "పైలట్‌దే, మేం ఒత్తిడి చేయం" అన్నదే సరైన జవాబు.
- రద్దయితే డబ్బు తిరిగిస్తారా, వేరే రోజుకు మారుస్తారా?
- ప్రాణరక్షక జాకెట్లు ఇస్తారా? సముద్రం మీదుగా వెళ్లే దారిలో నడుముకు కట్టే చిన్న సంచీ రూపంలో ఇస్తారు.

సరిచూసుకునే మార్గం: అమెరికా రవాణా భద్రత మండలి ఎన్‌టీఎస్‌బీ వెబ్‌సైట్‌లో ప్రమాదాల వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. సంస్థ పేరు, హవాయి రాష్ట్రం ఇచ్చి వెతకండి. ఒక పాత ఘటన కనబడితే అదే చాలని కొట్టేయకండి. కారణం ఏమిటో, ఎన్నిసార్లు జరిగిందో చదవండి.

6. రోజు, వేళ

ఉదయం పూట మొదటి విహారాలు మేలు. మధ్యాహ్నానికి కొండవాలుల మీద మబ్బు పట్టడం ఇక్కడ మామూలు.

మీ బసలో మొదటి రోజు లేదా రెండో రోజుకు బుక్ చేయండి. ఇది నేను స్వయంగా నష్టపోయి నేర్చుకున్న పాఠం. మొదటిసారి తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెట్టుకున్నాను. తెల్లవారుజామున వాన మొదలైంది, ఆగలేదు. సంస్థవాళ్లు ఫోను చేసి మర్యాదగా రద్దు చేశారు, డబ్బు పూర్తిగా వాపసిచ్చారు. మర్నాడు నా విమానం. రెండోసారి వెళ్లడానికి మూడేళ్లు పట్టింది.

ఎవరూ ముందుగా అనుకోని ఇంకొక సంగతి, స్కూబా డైవింగ్. నీటి అడుగున డైవ్ చేసిన తర్వాత 24 గంటల పాటు హెలికాప్టర్ ఎక్కకండి. శరీరంలో కరిగిన నైట్రోజన్ ఎత్తుకు వెళ్లినప్పుడు బుడగలుగా మారి ప్రాణం మీదికి రావచ్చు. విహారం ముందు, డైవింగ్ తర్వాత పెట్టుకుంటే ఈ బెడదే లేదు. నీటి పైపైన ఈదే స్నోర్కెలింగ్‌కు ఈ పట్టింపు వర్తించదు.

7. బరువు, ఆరోగ్యం, పిల్లలు

బరువు నిజం చెప్పండి. ఎలాగూ అక్కడ తూకం వేస్తారు. హెలికాప్టర్ సమతూకం మీద ఎగురుతుంది కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలో సంస్థే నిర్ణయిస్తుంది. ముందు సీటు కావాలని పట్టుబట్టి లాభం లేదు. భార్యాభర్తలు విడివిడిగా కూర్చోవలసి రావచ్చు. తప్పుడు బరువు ఇచ్చి చివరి నిమిషంలో ఒకరు దిగిపోవలసి వస్తే మిగతావాళ్ల ఉదయం కూడా పాడవుతుంది. సుమారు 240, 250 పౌండ్లు దాటినవాళ్ల నుంచి చాలా సంస్థలు అదనపు రుసుము తీసుకుంటాయి. బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.

ఉబ్బసం ఉన్నవాళ్లు జాగ్రత్త. అగ్నిపర్వతం నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలిసి మసకలా మారుతుంది. అక్కడివాళ్లు దాన్ని వాగ్ అంటారు. సాధారణ గాలులు దాన్ని నైరుతికి, కోనా వైపు మోసుకెళ్తాయి. ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, సంచిలో కాదు. సంచులను లోపలికి రానివ్వరు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

కడుపులో తిప్పుతుందనే భయం ఉంటే మాత్ర అరగంట నుంచి గంట ముందే వేసుకోండి. ఎక్కాక వేసుకుంటే దిగాక పనిచేస్తుంది. ఖాళీ కడుపుతో వద్దు, నిండు కడుపుతోనూ వద్దు. రెండు బిస్కెట్లు, ఒక అరటిపండు చాలు. రెండేళ్లు దాటిన పిల్లలకు విడిగా సీటు కొనాలి. చప్పుడుకు భయపడే పిల్లలకు ముందు రోజు హెలికాప్టర్ శబ్దం వినిపించి, చెవులకు హెడ్‌సెట్ పెడతారని చెప్పి ఉంచండి.

8. దుస్తులు, కెమెరా

తెల్ల చొక్కా వేసుకోకండి. నల్లటి లావా మీద మీరు తీసే ప్రతి ఫొటోలోనూ అద్దంలో మీ చొక్కా నీడ తెల్లటి దయ్యంలా తేలుతుంది. ముదురు నీలం, నలుపు, బూడిద రంగు ఏదైనా సరే. చేతికి మెరిసే గడియారం ఉంటే తీసి జేబులో వేసుకోండి.

ఫోనుకు ఫ్లాష్ ఆపేయండి. లెన్స్‌ను అద్దానికి దగ్గరగా పెట్టండి కానీ ఆనించకండి. ఆనిస్తే హెలికాప్టర్ వణుకు మొత్తం ఫొటోలోకి వస్తుంది. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు షటర్ వేగాన్ని సెకనులో వెయ్యో వంతుకు, లేదా ఇంకా వేగానికి పెట్టుకోండి. పోలరైజర్ ఫిల్టర్ తీసేయండి. ప్లాస్టిక్ అద్దాల మీద అది ఇంద్రధనుస్సు చారలు పుట్టిస్తుంది. తలుపులు లేని హెలికాప్టర్‌లో లెన్స్ మార్చే ఆలోచనే పెట్టుకోకండి. ఫోనుకు మెడలో వేసుకునే తాడు తప్పనిసరి.

లేచిన మొదటి రెండు నిమిషాల్లో ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. అంచులు పదునుగా ఉన్నాయా, మెరుపు పడిందా? తప్పు ఉంటే అప్పుడే సరిదిద్దుకోవచ్చు. చివర్లో చూసి బాధపడితే ప్రయోజనం లేదు.

డ్రోన్ తీసుకెళ్దామనుకుంటున్నారా? జాతీయ పార్కులో అది నిషిద్ధం.

9. ఎక్కడం, ఎగరడం

చెప్పిన సమయానికి ముందే చేరండి. తూకం, జాగ్రత్తల వీడియో పూర్తయ్యాక సిబ్బంది వరుసలో తీసుకెళ్తారు. ఆ వరుస దాటి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకండి. హెలికాప్టర్ వెనుక వైపు అసలు వెళ్లకండి. తోక దగ్గరి రెక్క తిరుగుతున్నప్పుడు కంటికి కనిపించదు. సెల్ఫీ కోసం చేయి పైకెత్తవద్దు.

సీటు బెల్టు ఎలా విడిపోతుందో కూర్చోగానే అడిగి, చేత్తో ఒకసారి తాకి చూసుకోండి. సిబ్బంది విసుక్కోరు.

హెడ్‌సెట్‌లో పైలట్ మాట వినిపిస్తుందో లేదో అప్పుడే చెప్పండి. మాట్లాడే సదుపాయం ఉంటే ఈ ప్రశ్నలు అడగండి: "ఇది ఏ సంవత్సరం లావా?" "ఇది పహోయిహోయా, ఆఆనా?" నున్నగా తాళ్లు పేనినట్టు మెరిసేది పహోయిహోయి. గరుకుగా, దున్నిన చేనులా రాళ్లు రాళ్లుగా ఉండేది ఆఆ. లావా శాస్త్రంలో ప్రపంచమంతా వాడే ఈ రెండు మాటలూ హవాయి భాషవే. పై నుంచి చూస్తే రెండింటి తేడా రంగులోనే తెలిసిపోతుంది. ఒకటి వెండి మెరుపు, ఇంకొకటి బొగ్గు నలుపు. పగుళ్లలో మొలిచిన ఓహియా చెట్ల ఎర్రటి పూలు ఎంత దట్టంగా ఉంటే ఆ లావా అంత పాతదని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

మీ వైపు ఏమీ కనబడకపోతే కంగారు పడకండి. పైలట్ సాధారణంగా ఒక చుట్టు అటు, ఒక చుట్టు ఇటు తిప్పుతాడు. మీ వంతు వచ్చేవరకు ఫోను దించి కళ్లతో చూడండి. అందరూ చేసే పొరపాటు 50 నిమిషాలూ తెర మీదే చూడటం. పది నిమిషాలు తీయండి, మిగతాది చూడండి.

పైలట్ మధ్యలో "మబ్బు వల్ల అటు వెళ్లడం లేదు" అంటే ఎదురు చెప్పకండి. ఆ నిర్ణయం మీ కోసమే.

10. దిగాక సరిచూసుకోవలసినవి

బుకింగ్ కాగితంలోని నిమిషాలను, మీ ఫోనులో మొదటి ఫొటో, చివరి ఫొటో తీసిన సమయాలతో పోల్చండి. ఐదు పది నిమిషాల తేడా మామూలే. వాతావరణం కారణంగా సగంలో వెనక్కి వస్తే డబ్బు విషయం కౌంటర్ దగ్గరే, అప్పుడే మాట్లాడండి. లావా కనిపించలేదని మాత్రం వాపసు అడగలేరు. ఏ సంస్థా దానికి ఒప్పుకోదు. నచ్చితే పైలట్‌కు టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

ఇక అసలు సలహా. హెలికాప్టర్ పగలే ఎగురుతుంది. లావా వెలుగు రాత్రే బాగుంటుంది. కాబట్టి రెండింటినీ కలపండి. ఉదయం ఆకాశం నుంచి నేల ఎలా పుట్టిందో చూసి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రం కారులో జాతీయ పార్కుకు వెళ్లండి. హీలో నుంచి ముప్పావుగంట ప్రయాణం. కోనా నుంచైతే రెండు గంటలకు పైనే. పార్కు రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. కారుకు కట్టిన ప్రవేశ రుసుము ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డు ఉంచుకోండి.

శిఖరం సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రాత్రి చలి వేస్తుంది. స్వెటర్, టార్చిలైటు, నీళ్లు తీసుకోండి. బిలం అంచున కట్టిన కంచెలు దాటవద్దు. అంచులు ఎప్పుడు విరిగిపడతాయో ఎవరూ చెప్పలేరు. ఫౌంటెన్ చిమ్ముతున్న రాత్రి గాలి మీ వైపు వీస్తే పెలే జుట్టు అనే సన్నటి గాజు పోగులు రాలవచ్చు. కళ్లు నలుపుకోకుండా నీళ్లతో కడుక్కోండి.

విరామంలో ఉన్న రాత్రి కూడా వెళ్లండి. కిలౌయా వ్యూపాయింట్ దగ్గర కారు దీపాలు ఆపి, కళ్లు చీకటికి అలవాటు పడేవరకు పది నిమిషాలు నిలబడండి. ఉదయం పై నుంచి నల్లటి గిన్నెలా కనిపించిన చోటే, లావా చిమ్మిన రంధ్రంలో నిప్పు మిగిలి ఉంటే పొగ అడుగు భాగం ఎర్రబడి కనిపిస్తుంది.